గూడెం దారికి ఏ చక్రం: అల్లాయ్ విప్పి స్టీల్ వేసిన ఒక జిమ్నీ కేసు

బండి మారుతి జిమ్నీ, ఆల్ఫా వేరియంట్, మాన్యువల్ గేర్లు. ఓనరుది నర్సీపట్నం. గూడెం కొత్తవీధి మండలంలో ఆయనకి కాఫీ తోట ఉంది, నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లకే మిరియాల తీగలు పాకించారు. వారానికి రెండు మూడు సార్లు పైకి వెళ్లి వస్తారు. కాఫీ పండు కోసే రోజుల్లో, అంటే నవంబరు నుంచి జనవరి, ఫిబ్రవరి దాకా, ఇంచుమించు రోజూ తిరుగుడే. లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లి దాటి మరికొంత దూరం వరకు తారు రోడ్డే. తోటకి తిరిగే చివరి ముక్కే అసలు సంగతి: ఎర్రమట్టి, రాళ్లు తేలిన ఎత్తుపల్లాలు, రెండు గెడ్డలు (వాగులు), వాటిలో ఒకదాని మీద సగం కొట్టుకుపోయిన కల్వర్టు.

ముందు ఎడమ చక్రంలో గాలి నిలవట్లేదని బండి మా షాపుకొచ్చింది. రాత్రి 30 పీఎస్ఐ గాలి పెడితే తెల్లారేసరికి 22, 23కి దిగిపోతోంది. అప్పటికే వేరే చోట్ల చూపించారు. టైరులో మేకు లేదు, ముల్లు లేదు. వాల్వు మార్చినా తేడా లేదు. ఓనరు విసిగిపోయి, చక్రాలే మార్చేద్దామన్న నిర్ణయంతో వచ్చారు.

“ఈ అల్లాయ్‌లు మన దారికి ఆగవు మేస్త్రీ. 17 అంగుళాలవి, బాగా మందంగా ఉన్నవి ఫోన్‌లో చూశాను. అవి వేసేద్దాం. టైర్లు కూడా ఎలాగూ అరిగిపోయాయి కదా.”

ముందు గాలి ఎటు పోతోందో తేల్చుదామండీ, ఆ తర్వాత చక్రాల మాట అన్నాను. చక్రం ఎలా దెబ్బతిందో తెలియకుండా దాని బదులు ఏది వెయ్యాలో చెప్పలేం. ఈ కేసు రాయడానికి కారణం కూడా అదే. స్టీలా అల్లాయా అని అడిగేవాళ్లు చాలామంది బరువు గురించి, అందం గురించి, ధర గురించి అడుగుతారు. దెబ్బ తగిలిన తర్వాత ఆ చక్రం ఏమవుతుంది, అప్పుడు మనం ఎక్కడ ఉంటాం, పక్కన ఎవరుంటారు అని అడిగేవాళ్లు తక్కువ. కొండ దారుల్లో తిరిగే బండికి నేను ముందు చూసేది ఆ మూడే.

పగులు ఎక్కడ దొరికింది

చక్రం లోపలి వైపు, అంటే సస్పెన్షన్ వైపు ఉండే అంచు నిండా ఎండిన బురద పట్టి ఉంది. మామూలుగా పంక్చర్ చూసేటప్పుడు ట్రెడ్డు, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ), వాల్వు చూస్తారు. ఈ లోపలి అంచు జోలికి ఎవరూ పోరు. ప్రెషర్ నీళ్లతో కడిగి, 40 గాలి పెట్టి, సబ్బునీళ్లు బ్రష్షుతో పూసి కదలకుండా చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి లోపలి అంచు దగ్గర ఆవగింజలంత బుడగలు ఒకే గీతలో లేచాయి.

టైరు విప్పాక అక్కడ అంచు కొద్దిగా అణిగి ఉంది. వేలితో తడిమితే తెలుస్తుంది, కంటికి సరిగా ఆనదు. పగులు మాత్రం అసలు కనిపించలేదు. డై పెనెట్రంట్ వాడాం. ఆ చోటు శుభ్రం చేసి ఎర్ర డై కొట్టి, పది నిమిషాలు ఆగి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేసి, తెల్ల డెవలపర్ కొడితే, పగుల్లోకి దిగిన ఎరుపు మళ్లీ పైకి ఊరుతుంది. తెల్లటి పూత మీద సన్నటి ఎర్ర గీత ఒకటి అంచు చివర మొదలై, టైరు బీడు, అంటే రిమ్మును పట్టుకునే టైరు లోపలి అంచు, కూర్చునే చోటు దాటి, రిమ్ము లోపలికి దిగింది. పొడవు ఒక బొటనవేలంత ఉంటుంది. ఓనరు ఆ గీత చూసి, కోతల సమయంలో ఒక రాత్రి బస్తాలతో దిగుతుంటే కల్వర్టు అంచు తగిలిందని గుర్తు చేసుకున్నారు. అప్పుడు దిగి చూస్తే బయటికి చిన్న గీరుడు తప్ప ఏమీ లేదట.

అల్లాయ్ తీరే అంత. కార్లకు కంపెనీ నుంచి వచ్చే అల్లాయ్ చక్రాల్లో ఎక్కువ భాగం అల్యూమినియంలో సుమారు 7 శాతం సిలికాన్, కొంచెం మెగ్నీషియం కలిపి అచ్చు పోసినవి (కాస్ట్). పోశాక వాటికి టీ6 అనే వేడి చికిత్స చేస్తారు. దాదాపు 540 డిగ్రీల దాకా కాచి, నీళ్లలో చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచుతారు. ఆ చికిత్స వల్లే దానికి బలం వస్తుంది. అయితే ఆ లోహం తెగేలోపు సాగేది సాధారణంగా పది శాతం లోపే. చక్రాల డిస్కులకు వాడే ఉక్కు ఇరవై శాతం పైనే సాగుతుంది. అంటే ఒకే రాయి, ఒకే వేగం, ఒకే దెబ్బ అయినా ఉక్కు వంగి సొట్టపోయి ఆ దెబ్బని తనలో ఇముడ్చుకుంటుంది. కాస్ట్ అల్లాయ్ కొంతవరకు ఏమీ కానట్టే నిలబడుతుంది, ఆ హద్దు దాటాక పగులుతుంది. చిన్న దెబ్బలకి అల్లాయే గట్టిది. ఈ మాట స్టీల్ అభిమానులకు నచ్చదు కానీ నిజం. స్టీల్ రిమ్ము అంచు వంగిపోయేంత దెబ్బకి అల్లాయ్ మీద మచ్చ కూడా పడని సందర్భాలు ఉంటాయి. తేడా అంతా పెద్ద దెబ్బ దగ్గరే.

“వెల్డింగ్ పెట్టించేద్దామా?” అని ఓనరు అడిగారు. టిగ్ వెల్డింగ్ చేసి, గ్రైండ్ చేసి, రంగు వేసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. గాలి నిలుస్తుంది కూడా. నేను వద్దన్నాను. వెల్డింగ్ వేడికి ఆ చుట్టూ టీ6 బలం పోతుంది. చక్రాన్ని మొత్తంగా మళ్లీ వేడి చికిత్సకు పంపితే తప్ప ఆ బలం తిరిగి రాదు, అలా ఎవరూ పంపరు. కనిపించే పగులు మూతపడి, దాని పక్కన మెత్తబడిన లోహం మిగులుతుంది. పగులు బీడు కూర్చునే చోట ఉంది, చక్రం ముందు ఇరుసుది, బండి ఘాట్‌లో దిగేది. అచ్చంగా బయటి గీరుళ్లకి, డిజైన్ ముఖం మీది మచ్చలకి అల్లాయ్ రిపేరు చేయించుకోండి, అభ్యంతరం లేదు. పగులుకి మాత్రం వెల్డింగ్ పెట్టిన చక్రాన్ని ఘాట్ ఎక్కే బండికి నా చేత్తో బిగించను. పంపితే ఇంకొకరు బిగిస్తారేమోనన్న అనుమానంతో ఆ చక్రాన్ని అక్కడే రంపంతో కోసి స్క్రాప్‌లో వేశాం.

17 అంగుళాల ఆలోచన ఎందుకు మానిపించాను

జిమ్నీకి కంపెనీ ఇచ్చే టైరు 195/80 ఆర్15, అంటే వెడల్పు 195 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 15 అంగుళాలు. లెక్క వేస్తే సైడ్‌వాల్ ఎత్తు 156 మిల్లీమీటర్లు, టైరు మొత్తం వ్యాసం 693. అదే వ్యాసం ఉంచి రిమ్ము 17 అంగుళాలు చేస్తే సైడ్‌వాల్ 130 దగ్గరికి పడిపోతుంది. రాయికీ రిమ్ముకీ మధ్య ఉండే రబ్బరు, గాలి పాతిక మిల్లీమీటర్లు తగ్గిపోయాయన్నమాట. రిమ్ము పగిలిందని వచ్చిన మనిషికి రిమ్మును రాయికి ఇంకా దగ్గర చేసే మందు ఇవ్వడం ఏం న్యాయం? లోహం ఏదైనా సరే, కొండ దారికి సైడ్‌వాల్ ఎత్తే మొదటి రక్షణ. మహీంద్రా థార్‌లో కూడా ఈ తేడా చూడొచ్చు. 18 అంగుళాల అల్లాయ్ మీద వచ్చే 255/65 టైరుకి సైడ్‌వాల్ 166 మిల్లీమీటర్లు, 16 అంగుళాల స్టీల్ మీద వచ్చే 245/75కి 184. చూపులకి మొదటిది బాగుంటుంది, రాళ్ల మీద నాకు రెండోదే ఇష్టం.

ఆయన ఫోన్‌లో చూపించిన వాటిలో 15 అంగుళాలవి కూడా ఉన్నాయి: 7 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ (చక్రం వెడల్పు మధ్యగీత నుంచి హబ్బుకి ఆనే ముఖం దాకా దూరం, మిల్లీమీటర్లలో; తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది) మైనస్ 15, నల్లటి స్టీల్. ఆఫ్‌రోడ్ బండ్ల ఫోటోల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే. జిమ్నీ సొంత చక్రం వెడల్పు 5.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ ప్లస్ 5. ఈ రెండింటినీ కాగితం మీద పెట్టి ఆయనకి లెక్క చూపించాను. ఆఫ్‌సెట్ తేడా వల్ల చక్రం మధ్యగీత 20 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. వెడల్పు పెరగడం వల్ల బయటి అంచు ఇంకో 19 బయటికి వస్తుంది. మొత్తం నాలుగు సెంటీమీటర్లకు కాస్త తక్కువ, ఒక్కో వైపు. చక్రం ఫెండర్ బయటికి వస్తే బురదంతా అద్దాల మీదికి చిమ్ముతుంది, పోలీసు ఆపితే సమాధానం చెప్పుకోవాలి. అంతకంటే పెద్ద సంగతి, జిమ్నీ ముందు ఇరుసు దిమ్మలాంటి సాలిడ్ యాక్సిల్. స్టీరింగ్ తిరిగే కింగ్‌పిన్ బేరింగుల మీద, హబ్బు బేరింగు మీద చక్రం ఎంత బయటికి పోతే అంత లాగుడు పడుతుంది. ఆ బేరింగులు కొంచెం అరిగినా 70, 80 వేగంలో స్టీరింగ్ గడగడా కొట్టుకోవడం మొదలవుతుంది. జిమ్నీ తెలిసిన వాళ్లందరికీ ఈ జబ్బు తెలుసు. బరువైన వెడల్పు చక్రాలు ఆ జబ్బుని త్వరగా తెస్తాయి.

వెడల్పు రిమ్ముతో ఇంకో నష్టం. గాలి తగ్గించి నడిపేటప్పుడు అదే టైరు ఇరుకు రిమ్ము మీద బీడుని గట్టిగా పట్టుకుని ఉంటుంది. వెడల్పు రిమ్ము మీద బీడు జారడానికి వీలు ఎక్కువ. బురదలో స్టీరింగ్ తిప్పుతున్నప్పుడు బీడు జారిందంటే ఆ వర్షంలో జాకీ ఎక్కడ నిలబెట్టాలో కూడా దొరకదు.

ఆయనకి తెలిసినవాళ్లు ఎవరో పాత మారుతి జిప్సీ చక్రాలు చవగ్గా ఇప్పిస్తామన్నారట. అవి బిగుస్తాయి, నిజమే. జిప్సీకి, జిమ్నీకి రెండింటికీ 5 స్టడ్లే (చక్రం బిగించే బోల్టులు), వాటి వలయం 139.7 మిల్లీమీటర్లే. కానీ బోల్టులు పట్టినంత మాత్రాన చక్రం సరిపోయినట్టు కాదు. ఆఫ్‌సెట్ వేరు కావచ్చు. పైగా ఏళ్ల తరబడి తుప్పు తిన్న రిమ్ములో ఎంత మందం మిగిలిందో పైకి తెలియదు. ఆ దారి మూసేశాను.

ఆయన తిరిగే తీరు

మిగిలినవి రెండే. పగిలిన ఒక్క చక్రం బదులు అదే కంపెనీ అల్లాయ్ ఇంకొకటి తెప్పించడం, లేదా కింది వేరియంట్ అయిన జెటాకి వచ్చే కంపెనీ స్టీల్ చక్రాలు ఐదూ వేయడం. సైజు ఒకటే, హబ్బు రంధ్రం ఒకటే, బండి రూపకర్తలు రెండింటికీ లెక్కలు వేసినవే. ఇక్కడ అల్లాయ్ తప్పు, స్టీల్ ఒప్పు అని లేదు. అందుకే ఆయన్ని కూర్చోబెట్టి బండి వాడకం గురించి అడిగాను.

తారు మీద ఎంత, మట్టి మీద ఎంత? కిలోమీటర్ల లెక్కన తారే ఎక్కువ. కానీ దెబ్బలన్నీ ఆ కొద్ది మట్టి దారిలోనే. బరువెంత? రానూ పోనూ ఎరువు బస్తాలు, కాఫీ బస్తాలు, ఇద్దరు ముగ్గురు మనుషులు. వేగం? పొద్దు పోయాక దిగేటప్పుడు తొందర ఉంటుంది. గాలి ఎంత పెడతారు? మైలేజీ కోసం 35 దాకా కొట్టిస్తారట, రాళ్ల మీద కూడా అంతే. తోట దగ్గర చక్రం పాడైతే ఎవరు బాగుచేస్తారు? దగ్గరి ఊళ్లో ఒక పంక్చర్ కుర్రాడు ఉన్నాడు. అతని దగ్గర మిషన్ లేదు. రెండు లీవర్లు, ఒక సుత్తి, చిన్న కంప్రెసర్. ఫోన్ సిగ్నల్ తోట గుట్ట మీద తప్ప దారిలో ఉండదు.

ఆ చివరి రెండు జవాబులతో నాకు విషయం తేలిపోయింది. స్టీల్ రిమ్ము అంచు వంగి గాలి పోతే ఆ కుర్రాడు సుత్తితో అంచు కొట్టి, గాలి పెట్టి, కనీసం చింతపల్లి దాకా పంపగలడు. బీడు అప్పటికీ కూర్చోకపోతే ట్యూబు వేసి నడిపించగలడు. పగిలిన అల్లాయ్‌కి అతని దగ్గర మందు లేదు. సుత్తితో కొడితే పగులు పెరుగుతుంది. ఇనుప లీవర్లతో టైరు ఎక్కించి దించితే అల్లాయ్ అంచు గాట్లు పడి, అక్కడి నుంచి మళ్లీ గాలి కారడం మొదలవుతుంది. స్టెప్నీ ఉందిగా అంటారు. స్టెప్నీ వేసుకుని దిగివచ్చాక, మళ్లీ పైకి వెళ్లాల్సిన రోజుకి రెండో చక్రం దొరకాలి కదా. కంపెనీ అల్లాయ్ ఒక్కటి కావాలంటే ఆర్డరు పెట్టి ఎదురుచూడాలి. దాని ధర కూడా స్టీల్ చక్రం కంటే ఎక్కువే.

బరువు సంగతి కూడా తూచి చూశాం. ఉక్కు సాంద్రత 7.85, అల్యూమినియం 2.7 కాబట్టి అల్లాయ్ మూడో వంతే ఉంటుందని చాలామంది నమ్మకం. అల్లాయ్‌ని బలం కోసం మందంగా పోస్తారు, అందుకే చక్రంగా చూస్తే తేడా చాలా తగ్గిపోతుంది. ఈ చిన్న సైజులో మా కాటా మీద కిలో, కిలోన్నర మధ్యనే ఆగింది. హెచ్‌టీ (తారు రోడ్డు) టైరు తీసి ఏటీ (తారుకీ మట్టికీ పనికొచ్చే) టైరు వేస్తే అంతకంటే ఎక్కువ బరువు పెరుగుతుంది. పైగా ఆ బరువు చక్రం బయటి అంచున చేరుతుంది. అంచున పెరిగిన కిలో బండిని కదిలించేటప్పుడు దాదాపు రెండు కిలోల లెక్కన పడుతుంది. 134 న్యూటన్ మీటర్ల టార్కు ఉన్న ఇంజన్‌కి ఆ తేడా ఘాట్‌లో తెలుస్తుంది. కాబట్టి బరువు తగ్గించాలనుకుంటే చక్రం లోహం దగ్గర కంటే టైరు ఎంపిక దగ్గర జాగ్రత్త పడాలి.

“చూడ్డానికి మరీ డబ్బా బండిలా ఉంటుందేమో” అన్నారు ఆయన. ఆ మాట నేను తేలిగ్గా తీసుకోలేదు. లక్షలు పోసి కొన్న బండి, ఊళ్లో నలుగురూ చూసే బండి. ఒప్పించడానికి తొందరపెట్టకుండా, షాపులో ఉన్న ఇంకో జిమ్నీ స్టీల్ చక్రాన్ని తీసి ఆయన బండికి ఒక వైపు బిగించి, దూరం నుంచి చూడమన్నాను. కాసేపు చుట్టూ తిరిగి, “పర్లేదు, ఏటవుద్ది, పని బండే కదా” అన్నారు.

బిగించింది ఎలా

కంపెనీ స్టీల్ చక్రాలు ఐదు, స్టెప్నీతో కలిపి. నాలుగు చక్రాలు స్టీల్, స్టెప్నీ అల్లాయ్ అంటే కొండ మీద ఒకరోజు అల్లాయ్ మీదే నడవాల్సి వస్తుంది. దాని కోసం ఇంత ఆలోచన అక్కర్లేదు.

టైరు 215/75 ఆర్15 ఏటీ. ఈ సైజు 5.5 అంగుళాల రిమ్ముకి టైరు ప్రమాణాల ప్రకారం కనీస హద్దు, అంటే సరిపోతుంది. వ్యాసం 703.5, పాతదాని కంటే పది మిల్లీమీటర్లే ఎక్కువ. స్పీడోమీటరు తేడా ఒకటిన్నర శాతం. సైడ్‌వాల్ 161కి పెరిగింది. దీనికంటే పెద్దవి వేయమని అడిగేవాళ్లుంటారు. స్ప్రింగులు ఎత్తు పెంచకుండా, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఎక్కడా రాసుకోకుండా పడేది ఇదే. అంతకు మించి ఈ తోట పనికి అవసరం లేదు.

చక్రాలు పెట్టెల్లోంచి తీయగానే వెనక ఐఎస్ఐ గుర్తు చూశాను. మన దేశంలో కార్ల చక్రాలకు ఐఎస్ 9436 ప్రమాణం ఉంది. అలసట పరీక్షలు దాటిన చక్రానికే ఆ గుర్తు. బయట కొనే అల్లాయ్‌కైతే ఇంకా జాగ్రత్తగా చూడాలి. జపాన్ ప్రమాణం జేడబ్ల్యూఎల్ గుర్తు, వెనక ఊత (స్పోక్) మీద పోసిన గరిష్ఠ బరువు అంకె ఉన్నాయో లేదో చూడకుండా డబ్బు ఇవ్వకండి. జిమ్నీ నిండు బరువు 1,545 కిలోలు. నాలుగుతో భాగిస్తే ఒక్కో చక్రానికి 386 అనిపిస్తుంది కానీ, వెనక బస్తాలు ఉండి ఘాట్ మలుపులో ఒక పక్కకి ఒరిగినప్పుడు బయటి చక్రం మీద పడేది అంతకంటే చాలా ఎక్కువ. అంకె లేని చక్రం ఎంత మెరిసినా వద్దు.

హబ్బు ముఖం వైర్ బ్రష్షుతో తుప్పు పోయేదాకా రుద్దాం. అల్లాయ్ చాలాకాలం కూర్చున్న చోట తెల్లటి పొడి, తుప్పు పొరలా పేరుకుంటాయి. వాటి మీదే స్టీల్ బిగిస్తే చక్రం సమంగా కూర్చోదు, తర్వాత పొర నలిగి నట్లు వదులవుతాయి. నట్టు కోన్ (ఏటవాలు ముఖం), చక్రం రంధ్రం కోన్ సరిగా కలుస్తున్నాయా అని ఒక నట్టుకి మార్కర్ పూసి, బిగించి విప్పి చూశాం. రంగు చుట్టూ సమంగా చెరిగితే కలిసినట్టు, ఒక పక్కే చెరిగితే ఆపేయాలి. అల్లాయ్ నుంచి స్టీల్‌కి, స్టీల్ నుంచి అల్లాయ్‌కి మారేటప్పుడు ఈ పరీక్ష తప్పనిసరి. బయటి అల్లాయ్‌లలో కొన్నింటికి నట్లు వేరే ఉంటాయి. బిగింపు టార్క్ పానాతో, యజమాని పుస్తకంలో ఉన్న అంకెకి, ఎదురెదురుగా దాటుకుంటూ చేశాం. వంద కిలోమీటర్లలోపు మళ్లీ వచ్చి బిగింపు చూపించుకోమని చెప్పాం, ఆయన వచ్చారు.

బ్యాలెన్సింగ్‌కి అంచుకి కొక్కెంలా పట్టే బరువులే వాడాం. జిగురుతో అంటించేవి బురద దారిలో, ప్రెషర్ నీళ్ల దెబ్బకి ఊడిపోతాయి. స్టీల్ రిమ్ముకి కొక్కెం బరువు చక్కగా పట్టుకుంటుంది. ఇది స్టీల్‌తో వచ్చే చిన్న సుఖం.

గాలి గురించి చాలాసేపు మాట్లాడాల్సి వచ్చింది. తారు మీద తలుపు పక్కన స్టిక్కరులో ఉన్న అంకె. మట్టి దారి మొదలయ్యే చోట ఆగి 22కి దించాలి, బండి ఖాళీగా ఉంటే 20. సిగరెట్ లైటర్‌కి పెట్టే చిన్న కంప్రెసర్ కొనిపించాను, తిరిగి వచ్చేటప్పుడు నింపుకోవడానికి. ఒక షరతు: గాలి దించాక వేగం 20 దాటకూడదు. గాలి తగ్గితే టైరు రాయి మీద మెత్తగా పడుకుంటుంది, పట్టు పెరుగుతుంది, టైరు కోసుకోదు. కానీ రిమ్ము కూడా నేలకి దగ్గరవుతుంది. తక్కువ గాలితో వేగంగా పోతే రాయి నేరుగా రిమ్ముకి తగులుతుంది, అది స్టీలైనా అల్లాయైనా. తక్కువ గాలి, తక్కువ వేగం రెండూ ఒకే జంట, విడదీస్తే నష్టమే.

వర్షాలు వెళ్లాక

ఒక వానాకాలం, ఒక కోతల కాలం గడిచాక చక్రాలన్నీ విప్పి చూశాం. వెనక కుడి చక్రం లోపలి అంచు వంగింది. మళ్లీ ఆ కల్వర్టే. పంక్చర్ కుర్రాడు సుత్తితో కొట్టి సరిచేసిన గుర్తు స్పష్టంగా ఉంది, దాని మీదే కొన్ని వారాలు తిరిగారు. బ్యాలెన్సర్ మీద పెట్టి డయల్ గేజీతో చూస్తే పక్కవాటు ఊపు మా షాపులో పెట్టుకున్న ఒక మిల్లీమీటరు హద్దు దాటింది. హైడ్రాలిక్ జాక్‌తో ఇంకొంత సరిచేసి హద్దులోకి తెచ్చాం. మడత పడిన చోట డై పెనెట్రంట్ కొట్టి చూశాం, పగులు లేదు. స్టీల్ పగలదని కాదు. ఒకే చోట పదేపదే వంచి సరిచేస్తే పగులుతుంది. డిస్కు, రిమ్ము కలిసే వెల్డింగు చుట్టూ, స్టడ్ల రంధ్రాల చుట్టూ అలసట పగుళ్లు వస్తాయి. అందుకే అదే చోట ఇంకోసారి వంగితే చక్రం మార్చేయాలని ఓనరుతో ముందే అనుకున్నాం.

ఇబ్బందులు కూడా రాయాలి. మొదటిది బురద. స్టీల్ చక్రం లోపలి గిన్నెలో బురద చేరి, ఎండి, ఒక పక్కే గట్టిపడుతుంది. కిందికి దిగి 60, 70 వేగం అందుకోగానే స్టీరింగ్ ఊగిందని ఆయన కంగారుగా ఫోన్ చేశారు. కడగగానే పోయింది. ఊపిరి రంధ్రాలు చిన్నవి కావడం వల్ల బురద తనంతట తాను రాలిపోదు. ఓపెన్ డిజైన్ అల్లాయ్‌కి ఈ బాధ తక్కువ. అయితే అదే ఓపెన్ డిజైన్ లోంచి చిన్న రాళ్లు లోపలికి వెళ్లి బ్రేకు కాలిపర్‌కీ రిమ్ముకీ మధ్య ఇరుక్కుని లోపలంతా గాడి కోసిన అల్లాయ్‌లు కూడా మా దగ్గరికి వస్తాయి.

రెండోది తుప్పు. సుత్తి పడిన చోట, లీవర్ జారిన చోట పెయింట్ లేచిపోతుంది. బీడు కూర్చునే చోట తుప్పు పొర లేస్తే గాలి మెల్లగా కారుతుంది. అప్పుడు మళ్లీ పంక్చర్ లేకుండా గాలి దిగే కథే. మూడోది మైలేజీ. కొంచెం తగ్గిందన్నారు. అందులో ఎక్కువ వాటా ఏటీ టైరుదే, స్టీల్‌ది తక్కువ.

ఇదే ప్రశ్నతో వచ్చిన ఇంకొకరికి నేను అల్లాయ్‌లే ఉంచుకోమన్నాను. విశాఖలో ఉద్యోగం, సెలవుల్లో అరకు, వంజంగి, అప్పుడప్పుడు హైదరాబాద్ దాకా హైవే ప్రయాణం. ఆ బండికి రాళ్లు తగిలేది అరుదు, తగిలినా గంటలో టో బండి వస్తుంది. హైవే మీద గుండ్రంగా, కచ్చితంగా తిరిగే చక్రం విలువ రోజూ తెలుస్తుంది, సముద్రపు గాలికి స్టీల్ తుప్పు త్వరగా పడుతుంది. డబ్బు ఎక్కువ పెట్టగలిగిన వాళ్లకి ఫోర్జ్‌డ్ అల్లాయ్ ఉంది. అచ్చు పోయకుండా దిమ్మని నొక్కి చేసేది కాబట్టి కాస్ట్ దానికంటే బాగా సాగుతుంది, దెబ్బ తట్టుకుంటుంది. కానీ దాని ధర విన్నాక మన తోట రైతులు మళ్లీ ఆ మాట ఎత్తరు, ఎత్తాల్సిన అవసరమూ లేదు.

గూడెం జిమ్నీ పాత అల్లాయ్‌లలో నాలుగు పరీక్షలో బాగానే తేలాయి. బండి అమ్మే రోజున పనికొస్తాయని గోనె చుట్టి గోడౌన్‌లో పెట్టుకున్నారు. ఈసారి తొలకరికి ముందు స్టీల్ చక్రాలు ఐదూ విప్పి, బీడు కూర్చునే చోటు వైర్ బ్రష్షుతో శుభ్రం చేసి, రెడ్ ఆక్సైడ్ మీద రెండు పూతలు నల్ల రంగు వెయ్యాలి. వంగిన వెనక కుడి చక్రాన్ని ఆ రోజు నుంచి స్టెప్నీగా తలుపు మీదికి మార్చి, ఇప్పటి స్టెప్నీని కిందికి దించుతాం.